ర్యాంకు వచ్చేదాకా వాయిదా

ఉత్సాహాన్ని హోర్డింగుల మీద అమ్మే రాజస్థాన్ నగరంలో, మూడోసారి నీట్‌కు సిద్ధమవుతున్న ఓ కుర్రాడు సంతోషానికి తన సొంత లెక్క రాసుకుంటున్నాడు

కోటా జంక్షన్‌లో రైలు దిగి బయటికొస్తే ముందుగా కనిపించేవి ముఖాలు. ఫ్లైఓవర్ స్తంభాల మీద, ఆటోల వెనక, హాస్టళ్ల గోడల మీద, ఆఖరికి జ్యూస్ బండి గొడుగు మీద కూడా. అన్నీ పదిహేడు, పద్దెనిమిదేళ్ల ముఖాలే. ప్రతి ముఖం కిందా ఒక అంకె. పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ర్యాంకు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందరూ నవ్వుతూనే ఉంటారు. పెట్టె, పరుపుచుట్ట, తండ్రితో పాటు ఈ ఊళ్లో అడుగుపెట్టే పిల్లవాడికి సంతోషం గురించి నగరం చెప్పే మొదటి పాఠం అదే. ఫ్లెక్సీ మీదికి ఎక్కినవాడే నవ్వాలి. మిగతావాళ్ల నవ్వు ఫలితాలు వచ్చేదాకా వాయిదా.

ఢిల్లీ-ముంబయి ప్రధాన రైలు మార్గంలో, చంబల్ నది ఒడ్డున ఉన్న కోటాకు ఈ అంకెల మోజు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకప్పుడు ఈ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేవి ఇళ్లలో పరిచే కోటా రాయి, గాలాడే కోటా డోరియా చీర, ఇంగువ ఘాటు తగిలే కచోరీ. చంబల్ మీద ఆనకట్టలు వచ్చాక నీటికి, కరెంటుకు కొదవ లేకపోవడంతో కర్మాగారాలు వెలిశాయి. వాటిలో పెద్దది జేకే సింథటిక్స్. అందులో ఇంజనీరుగా పనిచేసిన వినోద్ కుమార్ బన్సల్‌కు కండరాలు క్షీణించే జబ్బు సోకింది. ఉద్యోగం ఎన్నాళ్లు చేయగలనో తెలియని స్థితిలో ఆయన 1980ల తొలినాళ్లలో ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. దాదాపు అదే కాలంలో హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణ ఊపందుకోవడం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. 1997లో జేకే సింథటిక్స్ మూతపడి వేలమంది రోడ్డున పడ్డప్పుడు కోటాను ఆదుకున్నది ఆ డైనింగ్ టేబులే. ఇళ్ల మీద గదులు లేచాయి. గదులు హాస్టళ్లయ్యాయి. మెస్‌లు, సైకిల్ దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు వచ్చాయి. బన్సల్ 2021లో కన్నుమూశారు. ఆయన వేసిన విత్తనం అప్పటికే వేల కోట్ల రూపాయల వ్యాపారంగా మారిపోయింది.

ఈ ఊళ్లో మహావీర్ నగర్‌లో ఓ మూడంతస్తుల ఇంటి పైభాగాన, మంచం, బల్ల, కూలర్ పట్టగా ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలే గదిలో ఉంటున్నాడు బిహార్‌లోని సమస్తిపూర్ జిల్లా నుంచి వచ్చిన 19 ఏళ్ల విద్యార్థి. పేరు రాయవద్దని అతని షరతు. "ఊళ్లో నేను ఇప్పటికే డాక్టర్ని. పరీక్షలో పాసవడమే మిగిలింది" అంటాడు నవ్వుతూ. తండ్రి ఎరువుల దుకాణంలో గుమాస్తా. ఏడాదికి లక్ష రూపాయలు దాటే కోచింగ్ ఫీజు, నెలనెలా గది అద్దె, మెస్ ఖర్చు కోసం అప్పు చేశాడు. కుర్రాడు 2024లో ఇంటర్ పూర్తిచేసి నీట్ రాశాడు. సీటు రాలేదు. ఆ జూలైలో కోటా వచ్చాడు. తెలుగు రాష్ట్రాల్లో లాంగ్‌టర్మ్ విద్యార్థి అని పిలిచేవాడిని ఇక్కడ డ్రాపర్ అంటారు. అతనిప్పుడు రెండోసారి డ్రాపర్.

అతని ఫిజిక్స్ రఫ్ నోట్సుకు రెండు వైపులున్నాయి. ముందు నుంచి తిరగేస్తే కప్పీలు, కటకాలు, కెపాసిటర్లు. వెనక నుంచి తిరగేస్తే హిందీలో చిన్నచిన్న వాక్యాలు. డైరీ రాసే అలవాటు తనకు లేదంటాడు. రాత్రి నిద్రపట్టనప్పుడు ఏదో ఒకటి గీకడం మాత్రం మొదటి ఏడాది నుంచే మొదలైంది. ఆ పేజీల్లో మొదటి వాక్యం ఒక ఒప్పందం: సెలక్షన్ వచ్చేదాకా ఆట లేదు, సినిమా లేదు, పండక్కి ఇల్లు లేదు.

ఒప్పందాన్ని అతను అక్షరాలా పాటించాడు. క్రికెట్ మానేశాడు. ఛఠ్ పండగకు ఊరు వెళ్లలేదు. వారం వారం జరిగే టెస్టులో మార్కులు తగ్గితే మర్నాడు సాయంత్రం టీ తాగడం కూడా మానేసేవాడు. "నన్ను నేనే జరిమానా వేసుకునేవాణ్ని. దానివల్ల కసి పెరుగుతుందనుకున్నా" అంటాడు. కసి పెరగలేదు. డిసెంబర్ వచ్చేసరికి పుస్తకం ముందు రెండు గంటలు కూర్చున్నా ఒక పేజీ తిరిగేది కాదు. తోటివాళ్లు ఫోన్లో ఉత్తేజపరిచే ప్రసంగాలు చూస్తుంటే తానూ చూశాడు. వాటిపైన అతని వ్యాఖ్య నోట్సు వెనక పేజీలో ఫిజిక్స్ భాషలోనే ఉంది. ఆదివారం సాయంత్రం విన్న ప్రసంగానికి అర్ధాయువు 36 గంటలు. మంగళవారం ఉదయానికి సగం, బుధవారం రాత్రికి పావు.

అంతకన్నా విచిత్రమైన పాఠం 2025 జూన్‌లో ఎదురైంది. ఆ ఏడాది నీట్ ప్రశ్నపత్రం, ముఖ్యంగా ఫిజిక్స్, చాలా కఠినంగా వచ్చింది. దేశమంతటా మార్కులు పడిపోయాయి. 2024లో 720కి 720 తెచ్చుకున్నవారు పలువురు ఉంటే 2025లో మొదటి ర్యాంకు మార్కులు 686. ఈ కుర్రాడికీ అంతకుముందు ఏడాదికన్నా మార్కులు బాగా తగ్గాయి. ర్యాంకు మాత్రం ఎంతో మెరుగుపడింది. సర్కారీ సీటుకు అదీ చాలలేదు. మార్కులు విన్న తండ్రి ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. ర్యాంకు విన్న మేనమామ మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. ఒకే పరీక్ష, ఒకే ఫలితం. ఒక ఇంట్లోనే ఒకరికి దుఃఖం, ఒకరికి పండగ. ఆ రాత్రి అతను రాసుకున్నది ఒక ప్రశ్న: మరి నేను ఏడవాలా, నవ్వాలా?

కోటా మొత్తానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. 2025లో నీట్ రాసినవారు 22 లక్షల పైచిలుకు. అర్హులుగా ప్రకటించినవారు 12 లక్షలకు పైనే. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షా 20 వేలకు కాస్త అటూఇటూ. అందులో సామాన్యుడికి అందే ఫీజులుండే ప్రభుత్వ సీట్లు సుమారు సగం. ఐఐటీల సంగతీ అంతే. జేఈఈ మెయిన్ రాసేవారు 14 లక్షలు దాటితే, 23 ఐఐటీల్లో 2025లో ఉన్న సీట్లు 18,160. పిల్లలందరూ రోజుకు పద్దెనిమిది గంటలు చదివినా ఈ సీట్లలో ఒక్కటి కూడా పెరగదు. సంతోషాన్ని సీటుతో ముడిపెట్టే ఊళ్లో అత్యధికులకు సంతోషం దక్కకపోవడం వారి బద్ధకం వల్ల కాదు, భాగాహారం వల్ల.

ఈ లెక్క తెలిసిన దేవుడొకడు తల్వండీలో ఉన్నాడు. అక్కడి రాధాకృష్ణ మందిరం గోడలు విద్యార్థుల కోరికలకు పేరుమోసినవి. పరీక్షల ముందు పిల్లలు వచ్చి పెన్నుతో, స్కెచ్‌తో కోరికలు రాసి పోతుంటారు. ఎయిమ్స్ ఢిల్లీ కావాలని ఒకరు, ఐఐటీ బొంబాయి కావాలని మరొకరు, అన్నకు కూడా సీటు రావాలని ఇంకొకరు. గోడ నిండిపోతే ఆలయం వారు సున్నం వేయిస్తారు. మళ్లీ తెల్లగోడ, మళ్లీ కొత్త కోరికలు. సమస్తిపూర్ కుర్రాడు మొదటి ఏడాది అక్కడ తన ర్యాంకు రాశాడు. రెండో ఏడాది వెళ్లినప్పుడు పెన్ను బయటికి తీసి, పక్కన ఎవరో రాసిన వాక్యం చూసి ఆగిపోయాడు. అమ్మ ఫోన్లో ఏడవకుండా చూడు స్వామీ అని ఉందట. "ఆ రాసినవాడికి ఏం కావాలో తెలుసు. నాకు అప్పటికీ తెలియదు" అంటాడు.

చదువు మీద మనసు నిలవడానికి ఏం కావాలన్న ప్రశ్నను మానసిక శాస్త్రం ఎప్పుడో తడిమింది. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకుని, కొందరికి ముందే చెప్పి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రమున్న ప్రశంసాపత్రం ఇచ్చారు. కొందరికి ఏమీ చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి అసలివ్వలేదు. కొద్దిరోజుల తర్వాత గమనిస్తే, బహుమతి కోసం వేసిన పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావారితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. ఆటగా ఉన్నది కూలిపనిగా మారింది. చదువు విషయంలో ఈ ప్రయోగం ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఉంది. ప్రతి వారం ర్యాంకుల జాబితా, ర్యాంకును బట్టి బ్యాచ్, బ్యాచ్‌ను బట్టి మాస్టారు దొరికే ఊళ్లో దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం మాత్రం కష్టం.

కుర్రాడికి ఆ ప్రయోగం గురించి తెలియదు. దాని సారాంశం మాత్రం రెండో ఏడాది ఒక కప్పీ లెక్క దగ్గర తెలిసింది. పరీక్షలో వచ్చే బాపతు లెక్క కాదది. వదిలేయమని స్నేహితుడు చెప్పినా వదల్లేదు. నలభై నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. "ఆ వారం టెస్టులో ఒక్క మార్కూ పెరగలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టింది" అని గుర్తుచేసుకుంటాడు. అప్పటినుంచి రోజుకు ఒక లెక్క మార్కుల కోసం కాకుండా చేస్తున్నాడు. జరిమానాలు రద్దయ్యాయి. టీ తిరిగి వచ్చింది. వీధి చివర బండి దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు, పాఠాల ఊసెత్తకూడదన్న నియమంతో నలుగురు చేరతారు. ఆదివారం ఉదయం కిశోర్ సాగర్ చెరువు చుట్టూ సైకిల్ మీద ఒక చుట్టు. ఇంటికి చేసే ఫోన్‌కూ కొత్త పద్ధతి వచ్చింది. టెస్టు మార్కులు ఆదివారం మాత్రమే అడగాలని తండ్రితో ఒప్పందం. మిగతా ఆరు రోజులూ ఆయనకు ఏం మాట్లాడాలో మొదట్లో తోచలేదట. ఇప్పుడు దుకాణంలో యూరియా కోసం జరిగే గొడవలు వర్ణించి చెబుతున్నాడు.

నోట్సు వెనక పేజీల్లో ఇటీవలి వాక్యాలు మునుపటిలా ప్రతిజ్ఞల్లా లేవు. ఉత్సాహం వచ్చాక కూర్చోవడం కాదు, కూర్చుంటే కాసేపటికి వస్తుంది అని ఒకచోట రాశాడు. నిద్ర ఆరు గంటలు దాటిన రోజున తెలివి కూడా కాస్త పెరిగినట్టుంటుంది అని మరోచోట. పక్క గది కుర్రాడికి సందేహం తీర్చిన రోజు తన సందేహం కూడా తీరుతుంది అని ఇంకోచోట. పెద్ద తత్వమేమీ కాదని తనే ఒప్పుకుంటాడు. అయితే ర్యాంకు ముఖ్యం కాదనే మాట అతని దగ్గర వినిపించదు. "సంతోషంగా ఉంటే చాలు అని వడ్డీ కట్టక్కర్లేనివాళ్లు చెబుతారు. నాకు సీటు కావాలి. సీటు వచ్చేదాకా బతికుండటం కూడా కావాలి" అంటాడు.

ఆ చివరి మాట కోటాలో అలంకారం కాదు. 2023లో ఈ నగరంలో పాతికమందికి పైగా కోచింగ్ విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఇది కోటాకే పరిమితమైన విషాదమూ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. 2023 ఆగస్టులో జిల్లా యంత్రాంగం రెండు నెలల పాటు టెస్టులు ఆపించింది. పోలీసులు విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. హాస్టల్ వార్డెన్లకు, మెస్ సిబ్బందికి, పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు గుర్తించే శిక్షణ ఇచ్చారు. మెస్‌కు రాని పిల్లవాడి సంగతి కనుక్కోవడం, తలుపు తట్టి పలకరించడం అప్పటినుంచి ఒక విధిగా మారింది. 2024లో జిల్లా కలెక్టర్‌గా ఉన్న రవీంద్ర గోస్వామి స్వయంగా ఎంబీబీఎస్ చదివినవారు. హాస్టళ్లకు వెళ్లి విద్యార్థులతో కలిసి భోజనం చేసే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ ఏడాది మరణాలు తగ్గాయి. ఆగిపోలేదు.

నిబంధనలూ వచ్చాయి. 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్‌లో చేర్చుకోవద్దని, ర్యాంకుల హామీలివ్వొద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు జారీచేసింది. ఆ తర్వాతి అడుగుకు తెలుగు నేలతో సంబంధముంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలైలో తీర్పు చెబుతూ న్యాయస్థానం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ప్రకటించింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. టీవీల్లో అంకెల మోతతో మార్మోగే ర్యాంకుల ప్రకటనలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారే హాస్టళ్లు కోటాకు ఏమాత్రం తీసిపోకుండా హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. విశాఖ కేసు ఆ సంగతే గుర్తుచేసింది.

నగరం కూడా ఇప్పుడు తన విద్యార్థుల పాఠమే చదువుకుంటోంది. ఒక దశలో రెండు లక్షలు దాటిన కోచింగ్ పిల్లల సంఖ్య 2024లో బాగా పడిపోయింది. మరణాల వార్తలకు భయపడ్డ తల్లిదండ్రులు, ఎక్కడికక్కడ వెలసిన శాఖలు, ఆన్‌లైన్ పాఠాలు, అన్నీ కలిసి దెబ్బకొట్టాయి. కునాడీలో, బోర్‌ఖేడాలో అప్పుచేసి కట్టిన హాస్టళ్లకు అద్దె బోర్డులు వేలాడాయి. 2023 సెప్టెంబర్‌లో చంబల్ ఒడ్డున అట్టహాసంగా ప్రారంభమైన రివర్‌ఫ్రంట్ ఘాట్ల మీద పర్యాటకుల్ని పెంచుకోవాలని ఊరు ఆశపడుతోంది. ఒకే కర్మాగారాన్ని నమ్ముకుని 1997లో దెబ్బతిన్న ఊరు, ఒకే పరీక్షల సీజన్‌ను నమ్ముకుని మరోసారి తడబడింది. బతుకంతా ఒక్క ఫలితం మీద పెట్టకూడదన్న నీతిని విద్యార్థులకు చెప్పేముందు వినాల్సింది నగరమేనేమో.

సమస్తిపూర్ కుర్రాడు ఆ నీతిని కాగితం మీద పెట్టాడు. ఫలితాలు వచ్చిన మర్నాడు ఏం చేయాలన్నది రెండు నిలువు వరుసల్లో రాసి ఉంచాడు. సీటొస్తే మొదటి వరుస. రాకపోతే రెండోది: దర్భంగాలో బీఎస్సీ లేదా నర్సింగ్, సాయంత్రాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్, అప్పు తీరేదాకా తండ్రికి నెలనెలా కొంత. నాలుగోసారి రాయడం ఏ వరుసలోనూ లేదు. రెండో వరుస రాసిన రోజు చేతులు వణికాయని చెబుతాడు. రాసిన తర్వాత మాత్రం మొదటి వరుస కోసం చదవడం తేలికైందట. "కింద వల కట్టి ఉందని తెలిస్తే తాడు మీద నడిచేవాడు కిందికి చూడక్కర్లేదు" అంటాడు.

గత నెలలో పక్క గదిలోకి కొత్త కుర్రాడొకడు వచ్చాడు. పదహారేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. రెండు రోజులు గది తలుపు తీయలేదు. మూడోరోజు సాయంత్రం మనవాడు తలుపు తట్టి, టీ బండి దగ్గరికి లాక్కుపోయి, రఫ్ నోట్సు నుంచి ఒక కాగితం చింపి నాలుగు విషయాలు రాసిచ్చాడు. నూనె తక్కువ వాడే మెస్ ఏది. డౌట్ కౌంటర్‌లో రద్దీ లేని వేళ ఎప్పుడు. కూలర్ బాగుచేసే మనిషి ఫోన్ నంబరు. నాలుగోది, మనసు బాగాలేనప్పుడు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్, 14416. దాన్ని తెలుగు సహా అనేక భాషల్లో అందిస్తున్నారు. కొత్త కుర్రాడు కాగితం చదివి, ర్యాంకు గురించి ఏమీ రాయలేదేమని అడిగాడు.

"అది హోర్డింగుల మీద ఉందిగా" అన్నాడు సీనియర్, టీ డబ్బులు ఇస్తూ.